చుక్క ఎవరు తెచ్చిన్రు?

మొన్న మా మనవరాలు బడి నుంచి వస్తూనే సంచి కుర్చీలో పడేసి, "అమ్మమ్మా, పాత సామాన్లతోటి క్రిస్మస్ బొమ్మలు చేసుకొని రమ్మన్నరు. నీకేమన్న వస్తదా?" అంది. వస్తదా అని అడుగుతుందా నన్ను! నాలుగు వెదురు బద్దలు చేతికిస్తే కళ్ళు మూసుకుని చుక్క కడతాను. కానీ నోట్లోంచి ఆ మాట రాలేదు. "నాకు రాదు గీదు రాదు, మీ అమ్మనడుగు పో" అని గయ్యిమన్నాను. పిల్ల బిక్కమొహం పెట్టి లోపలికి పోయింది. మా అమ్మాయి వంటింట్లోంచి తల బయటపెట్టి, "దాని మీద ఒర్రుతవేందమ్మా? అదేమడిగింది?" అంది.

నిజమే, అదేమడిగింది పాపం. నా కోపం దాని మీద కాదు. యాభై ఏళ్ళు దాటినా ఆరని కోపం ఒకటి నా దగ్గర ఉంది. అది ఎప్పుడు ఎవరి మీద పడుతుందో నాకే తెలియదు.

గోదావరిఖనిలో మేం కార్మికుల లైన్లలో ఉండేవాళ్ళం. ఒక్కో లైనుకు వరసగా గదులు, ముందు అరుగు, వెనక దడి. ఆఫీసర్ల బంగళాలకు కరెంటు ఉండేది, మా లైన్లకు ఇంకా రాలేదు. సాయంత్రమైతే ఇంటింటి ముందు బొగ్గు పొయ్యి రాజేసేవారు. ఆ పచ్చి పొగ కళ్ళు మండించేది, గొంతులో కూర్చునేది, ఉతికి ఆరేసిన బట్టలకు పట్టేది. ఊళ్ళ నుంచి వచ్చిన చుట్టాలు దగ్గి దగ్గి చచ్చేవాళ్ళు. మాకు మాత్రం ఆ వాసన తగిలితేనే ఆకలయ్యేది. పొగ తగ్గి బొగ్గు ఎర్రబడిందంటే అమ్మ జొన్నరొట్టె వేస్తుందన్నమాట. ఆదివారమైతే సర్వపిండి. గిన్నె అడుగున మాడిన చెక్క కోసం నేనూ తమ్ముడూ జుట్లు పట్టుకునేవాళ్ళం.

బాయి అంటే మాకు నీళ్ళ బావి కాదు, బొగ్గుగని. మా నాయిన ఊళ్ళో ఎవుసం వదిలేసి బాయి పనికి వచ్చాడు. కొన్నేళ్ళు లోపల బొగ్గు నింపాడు. ఒకరోజు పైకప్పు నుంచి పెళ్ళ ఊడి కాలి మీద పడింది. మూడు నెలలు దవాఖానలో ఉండి వచ్చాక ఆ కాలు మళ్ళీ సరిగా వంగలేదు. అందుకని ఆయనను బాయి పైనే ల్యాంపు రూంలో పెట్టారు. దిగే మనుషులకు టోపీ లైట్లు ఇవ్వడం, ఎక్కాక తీసుకోవడం, బ్యాటరీలు చార్జింగుకు పెట్టడం ఆయన పని. దాన్ని అందరూ లైట్ డ్యూటీ అనేవాళ్ళు. లైట్ల దగ్గర డ్యూటీ కాబట్టి అలా అంటారని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను.

బ్యాటరీల యాసిడ్ చింది నాయిన అంగీలన్నిటికీ చిల్లులే. ఆయన దగ్గర కూర్చుంటే ముక్కు ఘాటెక్కేది. అమ్మ ఆ చిల్లులకు మాసికలు వేస్తూ, "అంగీ పోతే పాయె. మనిషి పైన ఉన్నడు, గంతే చాలు" అనేది. ఆయన లోపలికి దిగినన్నాళ్ళూ అమ్మకు బాయి సైరన్ కూత వినపడితే చేతిలో పని ఆగిపోయేది. పైకి వచ్చాక ఆమెకు అన్నం సయించింది, నిద్ర పట్టింది. మా ఇంటి భాగ్యమంతా ఆ ల్యాంపు రూమే.

అక్కడి పద్ధతి నాయిన నాకు చాలాసార్లు చెప్పాడు. బాయిలో దిగే ప్రతి మనిషికీ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఉంటుంది. బిళ్ళ ఇచ్చి లైటు తీసుకోవాలి. పైకి వచ్చాక లైటు ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. గోడకు బిళ్ళ వేలాడుతూ ఉందంటే ఆ నంబరు మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. నాయినకు చదువు రాదు. అంకెలు ఆ బిళ్ళల మీదే నేర్చుకున్నాడు. షిఫ్టు దిగిపోయేటప్పుడు గోడంతా ఒకసారి చేత్తో తడిమి చూసుకునేవాడట.

ఇక టీచరక్క సంగతి. మా ఎదురు లైను చివర రెండు గదుల ఇల్లు వాళ్ళది. ఇల్లందు వైపు నుంచి వచ్చిన క్రైస్తవులు. ఆమె మొగుడు మైనింగ్ సర్దారు, అంటే లోపల ఒక జాగాలో పనిచేసే వాళ్ళందరి మీద పెద్ద. ఆమె ఏ బడిలోనూ టీచరు కాదు. ఆదివారం పూట పిల్లలను అరుగు మీద కూర్చోబెట్టి పాటలు నేర్పేది, కథలు చెప్పేది, అందుకని టీచరక్క. ఆమె అక్క కాబట్టి ఆయన సర్దారు బావ. వాళ్ళ దేవుడి పాటలు మా లైన్ల పిల్లలందరికీ వచ్చేవి. ఆమె బతుకమ్మ పండక్కి మా అమ్మతో పాటు చప్పట్లు కొడుతూ తిరిగేది. ఎవరూ ఎవరినీ ఏమీ అనేవాళ్ళు కాదు.

నాకు ఆమె అంటే పిచ్చి. తెల్లటి వాయిలు చీర, తలకు కొబ్బరినూనె, పౌడరు వాసన. బొగ్గు దుమ్ము మా అందరి మీదా వాలేది గానీ ఆమె మీద వాలేది కాదని నా నమ్మకం. "నీ చేతులల్ల పనితనం ఉన్నదే పిల్లా" అని అందరి ముందూ ఒకసారి అంది. ఆ మాట మోసుకుని వారం రోజులు తిరిగాను. మా అమ్మకు మెచ్చుకోవడం చేతకాదు. బాగా చేస్తే ఊరుకునేది, చెడగొడితే తిట్టేది.

చలి మొదలవగానే టీచరక్క అరుగు మీద బొమ్మల పని మొదలయ్యేది. కొనుక్కొచ్చిన వస్తువు ఒక్కటి ఉండేది కాదు. చాయ్ హోటలు వెనక పారేసిన సిగరెట్ పెట్టెల్లోంచి వెండి కాగితం ఏరుకొచ్చి, గోరుతో సాపు చేసి పూలు చుట్టేవాళ్ళం. హోటలాయన చూస్తే "చదువుకునే పిల్లలు బీడీలు ఏరుతున్రా?" అని కట్టె పట్టుకుని తరిమేవాడు. కోడిగుడ్డుకు సూదితో రెండు బెజ్జాలు పెట్టి, పచ్చి సొన పీల్చేసి, ఖాళీ డొల్లకు రంగు పూసేవాళ్ళం. పీల్చడం మా తమ్ముడి పని. బాయిలో తూటాలు పేల్చాక మిగిలే సన్నని ఎర్ర తీగ, పసుపు తీగ ముక్కలు ఎవరో ఒకరి నాయిన జేబులో వచ్చేవి. వాటితో గంటలు, గొలుసులు అల్లేవాళ్ళం. మైదా ఉడికించి జిగురు చేసేది అక్క. ఎలుకలు తినకుండా అందులో మైలుతుత్తం కలిపేది. అది కలపకముందే మా తమ్ముడు వేలు పెట్టి నాకేవాడు.

క్రిస్మస్ చెట్టు మాత్రం తుమ్మకొమ్మ. ఆకు దులిపేస్తే తెల్లటి పొడుగు ముళ్ళు మిగులుతాయి కదా, ఒక్కో ముల్లుకు ఒక్కో బొమ్మ గుచ్చేది అక్క. మీద పత్తి అంటించేది. "గిది మంచు" అనేది.

"మంచు అంటే ఏందక్కా?"

"ఆకాశంకెళ్ళి తెల్లగ పడ్తదట. నేను సుత చూడలే."

మాకు ఆకాశం నుంచి పడేది నల్లగా ఉండేది. పొద్దున లేచేసరికి అక్క మంచు మొత్తం బూడిద రంగుకు తిరిగేది. ఆమె విసుక్కోకుండా రోజూ పాత పత్తి పీకి కొత్త పత్తి పెట్టేది. మేం పక్కన చేలల్లో పడి ఒడినిండా తెచ్చిచ్చేవాళ్ళం. చేను ఆసామి తిట్లు మాకు బాగా అలవాటు.

ఆ ఏడు అక్క నన్ను పిలిచి, "ఈసారి పెద్ద చుక్క నువ్వు కట్టాలె. ఇంటి ముందట గుంజకు వేలాడగడ్దం. లైన్లు లైన్లంత చూడాలె" అంది. ఇంకేం కావాలి నాకు! నాయిన పాత తట్ట ఒకటి విరిగిపోతే దాని వెదురు బద్దలు చీల్చి ఇచ్చాడు. ఎర్ర తీగతో బిగించి అయిదు కొమ్ముల చుక్క కట్టాను. నా చేతుల పొడవంత ఉంది. ఎర్ర పతంగి కాగితం, పచ్చ పతంగి కాగితం అంటించాను. అది ఆరేదాకా తమ్ముణ్ణి దగ్గరికి రానివ్వలేదు.

చుక్క అన్నాక వెలగాలి కదా. కిరోసిన్ బుడ్డి లోపల పెట్టి చూశాం. గాలి వచ్చింది, భగ్గుమంది. నాలుగు రోజుల పని రెండు నిమిషాల్లో పోయింది. నేను నేల మీద కూలబడి ఏడ్చాను. అక్క నా తల తన కడుపుకు ఆనించుకుని, "ఏడ్వకు. మళ్ళ కడ్దువు. కాగితం కాలని దీపం ఒకటే ఉన్నది. గది మీ నాయిన దగ్గర ఉన్నది" అంది.

నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే లేదు. మా నాయిన చేతుల్లో రోజూ వందల లైట్లు! మంట లేదు, పొగ లేదు. ఇంటికి పరిగెత్తాను.

"లైటు బాయి దాటి పోదు బిడ్డా" అన్నాడు నాయిన.

"ఒక్క పొద్దుకే నాయినా."

"ఒక్క పొద్దైనా పోదు. బిళ్ళ వేలాడుతదిగద. మనిషి లోపలున్నట్టే."

నేను కంచం తోసేశాను. ఆ రాత్రి తినలేదు, మర్నాడు పొద్దున తినలేదు. అమ్మ వీపు మీద రెండు వేసింది, అయినా తినలేదు. నా మొండితనం లైన్లలో పేరు మోసింది. మర్నాడు మధ్యాహ్నం సర్దారు బావ ల్యాంపు రూం కిటికీ దగ్గర నాయినతో మాట్లాడాడట. ఆ మాటలు తర్వాత నాయిన అమ్మకు చెబుతుంటే విన్నాను. "పండుగ ముందురోజు నా బిళ్ళ మీది లైటే తీస్కపోత. పొద్దుగాల తెచ్చిస్త. పిల్ల అన్నం తింటలేదట గదనే" అన్నాడట. సర్దారు అడిగితే కాదనే ధైర్యం నాయినకు లేదు. పైగా నేను తినడం లేదు. ఆ రెంటికీ తలవంచాడు. తన తర్వాత షిఫ్టుకు వచ్చే లైట్ల మనిషికి ఈ సంగతి చెవిలో వేసి వస్తానన్నాడు. నేను ఆ రాత్రి మూడు రొట్టెలు తిన్నాను.

రెండో చుక్క మొదటిదానికంటే బాగా కుదిరింది. పండుగ ముందురోజు మధ్యాహ్నం నేనే నెత్తిన పెట్టుకుని మా ఇంటి నుంచి అక్క ఇంటికి మోసుకెళ్ళాను. దారి పొడవునా "చుక్క ఎవరు తెచ్చిన్రే?" అని అడుగుతూనే ఉన్నారు. "నేనే తెచ్చిన!" అని అరుస్తూనే ఉన్నాను. షిఫ్టు దిగి బావ వచ్చాడు. తువ్వాలలో చుట్టుకొచ్చిన లైటును చుక్క నడుమ కట్టాడు, బ్యాటరీ గుంజకు కట్టాడు. పొద్దు గుంకుతుండగా మీట తిప్పాడు.

అబ్బ! ఎర్ర కొమ్ములు, పచ్చ కొమ్ములు, నడుమ తెల్లటి వెలుగు. పొయ్యిల పొగ దాని చుట్టూ తిరుగుతోంది. జనం పొయ్యిలు వదిలేసి వచ్చారు. ముసలవ్వ ఒకతె చేతులెత్తి దండం పెట్టింది. అక్క నన్ను ముందుకు తోసి, "ఈ పిల్ల చేసింది" అంది. అంత గొప్ప నిమిషం నా బతుకులో మళ్ళీ రాలేదంటే నమ్మండి. పెళ్ళిలోనూ రాలేదు.

బెల్లం చాయ్ పంచుతున్నారు. అప్పుడు కూసింది బాయి. షిఫ్టు మారే వేళ కాదది. ఆగి ఆగి కాదు, ఒకే గుక్కన కూస్తోంది. అంటే లోపల మనిషి ఉండిపోయాడని. చాయ్ గ్లాసులు ఎక్కడివక్కడ పడ్డాయి. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని బాయి వైపు పరిగెత్తారు. మా నాయిన ఎక్కడివాడక్కడ నిలబడిపోయాడు. చుక్క వైపు చూశాడు. తర్వాత ఆ వంగని కాలితో పరుగు అందుకున్నాడు.

జరిగింది ఇది. నాయిన ఎవరికి సంగతి చెప్పి వచ్చాడో ఆ లైట్ల మనిషి జ్వరం వచ్చి డ్యూటీ నడుమ ఇంటికి పోయాడు. అతని జాగాలో వచ్చిన కొత్త మనిషి గోడ చూశాడు. మొదటి షిఫ్టు బిళ్ళ ఒకటి వేలాడుతోంది. సర్దారు నంబరు. గాబరా పడి మీదివాళ్ళకు చెప్పాడు. పని ఆపించారు. వెతకడానికి మనుషులు లోపలికి దిగారు. ఆ సర్దారేమో ఇక్కడ చుక్క కింద నిలబడి చాయ్ తాగుతున్నాడు.

బావ బాయి దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళి నేను బతికే ఉన్నానని చెప్పాడు, మంచిదే. మరి లైటేదని అడిగితే, "షిఫ్టు దిగంగనే ఇచ్చేసిన. బిళ్ళ దొరుకుతలేదు, రేపు ఇస్తనన్నడు ల్యాంపు రూం ఆయన. ఆ లైటు ఆయన బిడ్డ చుక్కల ఉన్నది, పోయి చూడుండ్రి" అన్నాడు. అందరి ముందూ, మా నాయిన మొహం చూస్తూ అన్నాడు. నాయిన "అన్నా, అదేం మాట?" అన్నాడట. సర్దారే తీసుకెళ్ళాడని ఎంత చెప్పినా ఎవరూ వినలేదట. చుక్కను ఎవరూ ముట్టుకోవద్దు, పొద్దున నేనే వచ్చి చూస్తానని మేనేజరు హుకుం.

ఇదంతా నాకు అప్పుడు తెలియదు. మనిషి దొరికాడన్నారు, గండం గడిచిందనుకున్నాను.

పొద్దున్నే నాయినను ఆఫీసుకు పిలిచారు. అమ్మ పొయ్యి కూడా రాజెయ్యకుండా గోడకానుకుని కూర్చుంది. టీచరక్క దడి పక్క నుంచి నన్ను సైగ చేసి పిలిచింది. తన ఇంట్లో కూర్చోబెట్టి తల దువ్వింది. తన రిబ్బన్ తీసి కట్టింది. మొహానికి పౌడరు రాసింది. రోజూ నవ్వే మనిషి ఆ రోజు నవ్వలేదు.

"మేనేజర్ సాబు వస్తడు" అంది. "చుక్క దిక్కు చూపెట్టి గిది ఎవరు తెచ్చిన్రు అని అడుగుతడు. నేనే తెచ్చిన అను. నువ్వే గద తెచ్చినవు?"

"అవు, నేనే తెచ్చిన."

"గంతే చెప్పు. ఇంకో మాట మాట్లాడకు. ఎక్కువ మాట్లాడితె పెద్దోళ్ళకు కోపమొస్తది. నీ పనితనం చూసి మెచ్చుకుంటడు."

ఆమె చెప్పిన దాంట్లో అబద్ధం ఒక్కటి ఉందా, చెప్పండి! లేదు. అదే ఆమె తెలివి.

జీపు వచ్చింది. మేనేజరు దిగాడు, వెనక కాగితాలు పట్టుకుని గుమాస్తా, ఆ వెనక నాయిన. నాయిన చేతులు కట్టుకుని ఉన్నాడు. రాత్రంతా నిద్ర లేని కళ్ళు. బావ తల దించుకుని అరుగు చివర నిలబడ్డాడు. చుక్క అలాగే గుంజకు ఉంది, లైటు ఆరిపోయి ఉంది. మేనేజరు చేతికర్రతో దాన్ని చూపించి, "పాపా, ఇది ఎవరు తెచ్చారు?" అని అడిగాడు.

నేను అరుగు దిగి ముందుకొచ్చాను. "నేనే తెచ్చిన సార్" అన్నాను. గట్టిగా, బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు.

"ఎక్కడి నుంచి?"

"మా ఇంట్లకెళ్ళి సార్."

గుమాస్తా రాసుకున్నాడు. మేనేజరు నాయిన వైపు తిరిగాడు. "సర్దారు తీసుకెళ్ళాడని రాత్రి నుంచి చెబుతున్నావు. నీ కూతురు ఇలా అంటోంది. పిల్ల అబద్ధం చెబుతోందా?"

నాయిన నన్ను చూశాడు. కొత్త రిబ్బను చూశాడు, మొహం మీది పౌడరు చూశాడు. తర్వాత టీచరక్కను చూశాడు.

"లేదు సార్. నా బిడ్డ అబద్ధమాడదు" అన్నాడు.

గుమాస్తా అది కూడా రాసుకున్నాడు. నేను మెప్పు కోసం అక్క వైపు తిరిగాను. ఆమె అటు తిరిగి తుమ్మకొమ్మ మీది నల్లబడ్డ పత్తి పీకుతోంది. నేను "అక్కా" అన్నాను. వినపడనట్టే పీకుతూ ఉంది.

ఆ సాయంత్రం నాయిన అటక మీది నుంచి పాత బూట్లు దించి దుమ్ము దులుపుతుంటే అమ్మ నన్ను రెక్క పట్టుకుని లాగింది. "ఏం చెప్పినవే సాబుతోటి?"

"చుక్క నేను తెచ్చిన అన్న. నేనే గద తెచ్చిన!"

"ఓసి పిచ్చి ముండా! వాళ్ళడిగింది చుక్కను గాదే, లైటును! నువ్వే తెచ్చినవని రాసుకున్నరు. మీ నాయిన దొంగతనం చేసిండని రాసుకున్నరు. మళ్ళ బాయిల దిగుమన్నరు!" అమ్మ నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది. నెత్తి పట్టుకుని నేల మీద కూర్చుంది. నాయిన మాత్రం బూటు తాడు సర్దుకుంటూ, "పిల్లనేమనకు. దానికేం తెలుసు" అన్నాడు.

ఒక్క ఉరుకున టీచరక్క ఇంటికి పోయాను. "అక్కా, నువ్వు చెప్పు! లైటు బావ తెచ్చిండని నువ్వు చెప్పు! నాయిన లోపల దిగితె ఆ కాలుతోటి ఎట్ల చేస్తడు?" అని తలుపు బాదాను. ఆమె తలుపు జానెడు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చినట్టుంది. ఏడిస్తే ఎవరిక్కావాలి!

"నేనేం చెయ్యాలె బిడ్డా? నువ్వే గద నీ నోటితోటి అన్నవు. నేను అబద్ధం చెప్పుమన్ననా?"

అని తలుపు మెల్లగా వేసింది. ధడాలున వేసినా కొంచెం నయంగా ఉండేది.

సర్దారు పనికి పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. లైటు బయటికి తెచ్చాడని తేలితే అది పోతుంది. ఆయన సర్టిఫికెట్ ఒక పక్క, మా నాయిన కాలు ఒక పక్క. ఆమె రెండూ చూసుకుని ఒకటి ఎంచుకుంది. ఇప్పుడు నాకూ సంసారం ఉంది, ఆ ఎంచుకోవడం అర్థమవుతుంది. మొగుణ్ణి కాపాడుకోవాలంటే కాపాడుకో, నువ్వే అబద్ధమాడు. పదేళ్ళ పిల్ల నోటితో, అదీ అది గొప్పగా చెప్పుకున్న మాటతో, దాని తండ్రికే దొంగ ముద్ర ఎందుకు వేయించావు? ఇది మాత్రం ఈనాటికీ అర్థం కాదు.

పండుగ ఆ గొడవల్లోనే పోయింది. మర్నాడు ఆమె ఎప్పటిలాగే ఇంటింటికీ పిండివంటలు పంపింది. మా ఇంటికీ వచ్చింది పళ్ళెం, మీద తెల్లగుడ్డ కప్పి, కింద అచ్చుతో నూనెలో వేయించిన గులాబీ పువ్వులు, కజ్జికాయల్లాంటి గర్జెలు. లైన్లలో ఎవరింటి గిన్నె వచ్చినా ఖాళీగా తిరిగి పంపకూడదు. ఏమీ లేకపోతే గుప్పెడు బియ్యమైనా వేయాలి, కనీసం చిటికెడు చక్కెర. అమ్మ ఆ వంటలన్నీ దడి అవతల కుక్కలకు కుమ్మరించింది. పళ్ళెం బూడిదతో తోమి, తళతళలాడేలా కడిగి, ఖాళీగా పంపింది. టీచరక్క గుమ్మంలో దాన్ని అందుకుని అటూ ఇటూ చూసింది. లైనంతా చూస్తోంది. మా అమ్మ అంతకుమించి ఒక్క తిట్టు తిట్టలేదు, ఆ తర్వాత ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు.

కుక్కల కంటే ముందు ఒక గులాబీ పువ్వు నేను దొంగిలించి తిన్నాను. ఎవరికీ చెప్పని సంగతి ఇది. కరకరలాడుతూ, యాలకుల వాసనతో, ఎంతో బాగుంది. అది బాగుండటం మీద కూడా నాకు కోపమే.

నాయిన బాయిలో దిగాడు. బొగ్గు డబ్బాలు తోసే పని. వంగని కాలితో వాలులో తోయడమంటే మాటలు కాదు. చలికాలం ఇటుక వేడి చేసి, పాత చీరలో చుట్టి అమ్మ ఆ మోకాలికి కాపడం పెట్టేది. ఆయన పళ్ళు కొరుక్కునేవాడు గానీ అబ్బా అనేవాడు కాదు. అమ్మ మళ్ళీ కూత వినపడితే పని ఆపేయడం మొదలుపెట్టింది. అలా పదమూడేళ్ళు చేశాడు. చివరికి కాలు పూర్తిగా బిగుసుకుపోయి, పనికి పనికిరాడని తీసేశారు. అన్నేళ్ళలో ఆ పొద్దుటి మాట ఆయన ఒక్కసారి ఎత్తలేదు. రిబ్బన్ కట్టి నాకు మాట నేర్పింది అక్కేనని చెబుదామని ఎన్నిసార్లు దగ్గరికి వెళ్ళానో! "ఏంది బిడ్డా?" అనేవాడు. "ఏం లేదు నాయినా" అనేదాన్ని. చెప్పకుండానే ఆయన పోయాడు.

టీచరక్క వాళ్ళు ఆ తర్వాత ఏడాదికే రామకృష్ణాపూర్ బదిలీ చేయించుకుని వెళ్ళిపోయారు. నాయిన పోయిన మరుసటేడు మా వాళ్ళ పెళ్ళికని నేను రామకృష్ణాపూర్ వెళ్ళాను. పందిట్లో ఎవరో వెనక నుంచి నా చెయ్యి పట్టుకున్నారు. తిరిగి చూస్తే ఆమె. జుట్టు నెరిసింది, అదే తెల్ల చీర. ఆమెను ఎప్పుడు చూసినా ఏమనాలో నేను మాటలు కూర్చుకుని పెట్టుకున్నదాన్ని. ఎన్నో ఏళ్ళుగా, పొయ్యి దగ్గర, బట్టలుతికే చోట, ఒక్కదాన్నే అనుకుంటూ ఉన్న మాటలు.

ఆమె నన్ను దగ్గరికి లాక్కుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పక్కన ఉన్న కోడలితో, "ఈ పిల్ల చేతులల్ల ఎంత పనితనమనుకున్నవు! నా దగ్గరనే నేర్చుకున్నది" అంది. మళ్ళీ నా వైపు తిరిగి గొంతు తగ్గించింది. "మీ నాయిన పోయిండని తెల్సింది బిడ్డా. మంచోడే పాపం. బిడ్డ మీది ప్రేమతోటి ఆ లైటు తీస్కపోయిండు. మీ బావకు అప్పుడు ఎంత మాటొచ్చింది! అయినా మేం మనసుల పెట్టుకోలే. ఎన్నడో క్షమించినం. రోజు ప్రార్థనల మీ నాయిన కోసం సుత అడుగుత."

నేను ఆమె కళ్ళల్లోకి చూశాను. ఎక్కడైనా బెదురు ఉందేమో, తడబాటు ఉందేమో అని వెతికాను. ఏమీ లేదు. నిజంగానే అంటోంది. చెప్పగా చెప్పగా ఆమెకు అదే జరిగిందనిపించింది.

"అక్కా" అన్నాను. "చుక్క నేను తెచ్చిన. లైటు బావ తెచ్చిండు, తువ్వాలల చుట్టుకొని. నువ్వు నాకు రిబ్బన్ కట్టినవు."

ఆమె జాలిగా నవ్వి నా చెంప నిమిరింది. "అప్పుడు నువ్వు చిన్నపిల్లవు. నీకేం యాదుంటది?" అంది.

కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు. కోడలు నన్ను చూసి, పాపం అన్నట్టు తలాడించింది. దొంగతనం చేసినవాడి కూతురిని కదా. భోజనం చేయకుండా పందిరి దాటి వచ్చేశాను.

ఆమె చేసినదాన్ని, ఆమె కూడా ముసలిదయ్యాక, నేను ఎప్పుడో ఒకప్పుడు క్షమించేదాన్నేమో. మా నాయినను క్షమించింది చూడండి, అది మాత్రం క్షమించను.